మోటారు చుట్టూ ఏముంది? విద్యుదయస్కాంత క్షేత్రం, హార్మోనిక్స్, దారి తప్పిన కరెంటు



ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చాక కంటికి కనపడని వాటి గురించి ఎక్కువ ఆలోచించడం మొదలుపెడతాం. మట్టిలో సూక్ష్మజీవులు, వానపాముల బొరియలు, వేరు చుట్టూ అల్లుకునే బూజు దారాలు. అలా ఆలోచించే రైతుకి ఇంకో అనుమానం కూడా వస్తుంది. బోరు మోటారు, గడ్డి కోసే యంత్రం, సోలార్ పంపు డబ్బా... వీటి చుట్టూ కూడా కనపడనిది ఏదో ఉంటుంది కదా? అది నా నేలని, నా ఆవుని, నా జీవామృతాన్ని ఏమైనా చేస్తుందా?

ప్రశ్న మంచిదే. జవాబు ముందే చెప్పేస్తాను. మోటారు చుట్టూ ఉండే క్షేత్రం గురించి మనం అవసరానికి మించి భయపడుతున్నాం. మోటారులోంచి దారి తప్పి నేలలోకి, పశువుల పాకలోకి పోయే కరెంటు గురించి మాత్రం భయపడాల్సినంత భయపడటం లేదు. ఈ రెండింటి మధ్యలో హార్మోనిక్స్ ఉన్నాయి. అవి మనుషుల్ని, పశువుల్ని ఏమీ అనవు కానీ మోటారుని లోపల్నుంచి వేడెక్కించి కాల్చేస్తాయి. మూడూ వేరు వేరు సంగతులు. మూడింటినీ ఒకటే అనుకోవడం వల్లే గందరగోళం.

వీడియోలో మీటరు పెట్టి చూపించిన వాటిని ఇక్కడ లెక్కలతో సహా ఇస్తున్నాం. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడేటప్పుడు దగ్గర పెట్టుకోండి, పనికొస్తుంది.

1. అసలు మోటారు ఎలా తిరుగుతుంది?

తీగలో కరెంటు పారితే దాని చుట్టూ అయస్కాంత శక్తి పుడుతుంది. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ దిక్సూచి ముల్లు పక్కన తీగ పెట్టి ఈ సంగతి కనిపెట్టాడు. మన మోటారుకి మూలం అదే.

మోటారు డొక్కలో, అంటే స్టేటర్‌లో, రాగి తీగ చుట్టలు ఉంటాయి. త్రీ ఫేజ్ కరెంటు వచ్చినప్పుడు మూడు ఫేజులూ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి పెరిగి తగ్గుతుంటాయి. దాంతో లోపలి అయస్కాంత క్షేత్రం గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతుంది. స్టేటర్‌లో ఏ వస్తువూ కదలదు, క్షేత్రం మాత్రమే తిరుగుతుంది. ఈ తిరిగే క్షేత్రం గురించి 1888లో ఇటలీలో ఫెరారిస్ వెల్లడించాడు. అదే ఏడాది అమెరికాలో టెస్లా పేటెంట్లు పొందాడు.

మధ్యలో ఉండే రోటర్ ఆ క్షేత్రం వెంట పడుతుంది, ఆవు వెనక దూడలాగా. కానీ ఎప్పుడూ పూర్తిగా అందుకోదు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద రెండు పోల్స్ ఉన్న మోటారులో క్షేత్రం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. మోటారు ప్లేటు మీద చూస్తే 2850, 2880 అని ఉంటుంది. ఆ తేడానే స్లిప్ అంటారు. ఆ కాస్త తేడా ఉంటేనే రోటర్‌లో కరెంటు పుడుతుంది, బలం వస్తుంది.

సింగిల్ ఫేజ్ మోటారు సంగతి వేరు. ఒక్క ఫేజుతో క్షేత్రం గుండ్రంగా తిరగదు, రంపం లాగినట్టు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అందుకే కెపాసిటర్ (మన షాపుల్లో కండెన్సర్ అంటాం) పాడైతే మోటారు తిరగకుండా 'గుయ్' మంటూ మూలుగుతుంది. కెపాసిటర్ చేసే పనల్లా రెండో చుట్టకి కరెంటుని కాస్త ముందు వెనకలు చేసి, ఊగే క్షేత్రాన్ని తిరిగే క్షేత్రంగా మార్చడమే.

అంటే క్షేత్రం అనేది మోటారులోంచి బయటికొచ్చే పొగ లాంటిది కాదు. అదే మోటారు పని. అది లేకపోతే నీళ్లు లేవు. స్విచ్ ఆపిన మరుక్షణం అది ఉండదు. నీళ్లలోకి ఎక్కి పొలం దాకా పోదు. నీరు అయస్కాంతాన్ని దాచుకునే పదార్థం కాదు. కాబట్టి సబ్‌మెర్సిబుల్ పంపు నీళ్లు 'కరెంటు పట్టిన నీళ్లు' కావు.

2. బయటికి ఎంత వస్తుంది? ఎంత దూరం వస్తుంది?

మోటారు క్షేత్రం చాలావరకు ఇనుము లోపలే తిరుగుతుంది. కొంత బయటికి కారుతుంది. దాన్ని మైక్రోటెస్లాల్లో కొలుస్తారు. పోల్చుకోవడానికి చూస్తే, దిక్సూచి ముల్లుని తిప్పే భూమి అయస్కాంత క్షేత్రం మన దక్షిణాదిలో సుమారు 40 మైక్రోటెస్లాలు. అది నిలకడగా ఉండేది. మోటారుది సెకనుకి 100 సార్లు దిశ మార్చుకునేది. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇంట్లో చిన్న మోటారు ఉండే వాటిని కొలిచిన లెక్కలు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చింది. అందులో వాక్యూమ్ క్లీనర్ చూడండి.

- 3 సెంటీమీటర్ల దగ్గర: 200 నుంచి 800 మైక్రోటెస్లాలు
- 30 సెంటీమీటర్ల దగ్గర: 2 నుంచి 20
- 1 మీటరు దగ్గర: 0.13 నుంచి 2

అసలు పాఠం ఇదే. ఆనించి పెడితే వందల్లో ఉన్నది ఒక్క అడుగు జరిగేసరికి ఇరవై లోపుకి, మూడడుగులు జరిగేసరికి రెండు లోపుకి వచ్చేసింది. మోటారు లాంటి వస్తువు నుంచి కాస్త దూరం వెళ్లాక, దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకి పడిపోతుంది.

తీగల లెక్క ఇంకా తేలిక. ఒంటరి తీగలో 10 ఆంపియర్లు పోతుంటే మీటరు దూరంలో 2 మైక్రోటెస్లాలు ఉంటుంది. అదే పోయే తీగ, వచ్చే తీగ ఒకే కేబుల్లో పక్కపక్కన ఉంటే ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది. బయటికి దాదాపు ఏమీ మిగలదు. అందుకే విడివిడి తీగలు కర్రల మీద లాగే బదులు ఒకే కేబుల్ వేసుకోవడం మంచిది. క్షేత్రం తగ్గుతుంది, గాలికి తీగలు రాసుకోవడం తగ్గుతుంది, ప్రాణభయం కూడా తగ్గుతుంది.

ఫోన్‌లో వచ్చే 'మాగ్నెట్ మీటర్' యాప్ పెట్టి మోటారుని కొలవకండి. ఫోన్‌లో ఉండేది దిక్సూచి కోసం పెట్టిన సెన్సర్. నిలకడైన క్షేత్రం కోసం చేసింది. సెకనుకి 100 సార్లు తిరగబడే దాన్ని అది సరిగ్గా పట్టుకోలేదు. పైగా మోటారు ఇనుము దగ్గరికి పోతే ఆపి ఉన్న మోటారు దగ్గర కూడా అంకె మారుతుంది. దాన్ని చూసి భయపడినా, ధైర్యపడినా రెండూ తప్పే.

ఆరోగ్యం మాటేమిటి?

50 హెర్ట్జ్ క్షేత్రానికి సాధారణ ప్రజలకి ఐసీఎన్ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ సంఘం 2010లో పెట్టిన హద్దు 200 మైక్రోటెస్లాలు. ఇంకో పక్క 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఇలాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ అయస్కాంత క్షేత్రాలని '2బి' వర్గంలో పెట్టింది. అంటే 'క్యాన్సర్‌కి కారణం కావచ్చేమో' అన్న అనుమానపు వర్గం. ఇళ్లలో రోజంతా సగటున 0.3, 0.4 మైక్రోటెస్లాలకి మించి ఉన్న పిల్లల్లో రక్త క్యాన్సర్ కొంచెం ఎక్కువగా కనపడిందన్న సర్వేలు దానికి ఆధారం. క్షేత్రమే కారణం అని మాత్రం రుజువు కాలేదు.

రైతుకి ఇందులోంచి వచ్చే నీతి ఏమిటి? మోటారు దగ్గరికి వెళ్లి స్టార్టర్ నొక్కి వచ్చే రెండు నిమిషాలు లెక్కలోకి రావు. రోజూ ఎనిమిది గంటలు ఎక్కడ పడుకుంటున్నాం అన్నదే లెక్క. షెడ్డు గోడకి ఒక పక్క స్టార్టర్, మోటారు ఉండి, అదే గోడకి రెండో పక్క మంచం ఉంటే మంచాన్ని రెండు మీటర్లు జరపండి. గోడ అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు, దూరమే ఆపుతుంది. ఖర్చు లేని పని కాబట్టి చేసేయడమే. గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు నడుస్తున్న మోటారు మీదికి వంగి పని చేయకండి, డాక్టరు చెప్పిన దూరం పాటించండి.

జీవామృతం డ్రమ్ము కూడా అంతే. మోటారుకి రెండు మీటర్ల అవతల నీడలో పెడితే క్షేత్రం మాట మర్చిపోవచ్చు. డ్రమ్ములో సూక్ష్మజీవులకి ఎండ, క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లు, కలపకుండా వదిలేయడం చేసే చెరుపు ముందు ఇది లెక్క కాదు.

3. హార్మోనిక్స్ అంటే?

తంబూరా తీగ మీటితే ఒక్క స్వరమే పలుకుతుంది అనుకుంటాం. చెవి పెట్టి వింటే అదే తీగలోంచి పైస్థాయి స్వరాలు కూడా సన్నగా వినపడతాయి. తీగ మొత్తంగా ఊగుతూనే రెండు భాగాలుగా, మూడు భాగాలుగా కూడా ఊగుతుంది కాబట్టి. సంగీతంలో అది అందం. కరెంటులో అది చెరుపు.

మన కరెంటు మూలస్వరం 50 హెర్ట్జ్. నున్నటి అలలాగా పెరిగి తగ్గాలి. ఆ అల ఆకారం చెడితే అందులో 150, 250, 350 హెర్ట్జ్‌ల అలలు కలిసినట్టే. వీటినే మూడో, ఐదో, ఏడో హార్మోనిక్ అంటారు.

ఆకారం ఎందుకు చెడుతుంది? నేరుగా లైను మీద నడిచే మామూలు ఇండక్షన్ మోటారు పెద్దగా చెడగొట్టదు. వోల్టేజి మరీ ఎక్కువైనప్పుడు దాని ఇనుము అయస్కాంతంతో నిండిపోతుంది. నానిన నేల ఇంక నీళ్లు పీల్చుకోనట్టు. అప్పుడు కరెంటు అల వంకర తిరిగి మూడో హార్మోనిక్ లాంటివి పుడతాయి. అసలు దోషులు వేరే. ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు, టీవీలు, ఇన్వర్టర్లు, లైను మీద నడిచే వీఎఫ్‌డీ డ్రైవులు. ఇవి కరెంటుని ధారగా తాగవు, గుక్కలు గుక్కలుగా లాగుతాయి. అల శిఖరం దగ్గర ఒక్క గుక్క, మళ్లీ ఖాళీ. త్రీ ఫేజ్ డ్రైవ్ అయితే ముఖ్యంగా 5, 7, 11, 13వ హార్మోనిక్స్ పుట్టిస్తుంది. పుస్తకాల లెక్కలో ఐదోది మూలంలో ఐదో వంతు, అంటే 20 శాతం. ఏడోది 14 శాతం.

ఒకరి డ్రైవు వంకర చేసిన అల అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న పక్క రైతు మోటారుకీ చేరుతుంది. అందుకే 400 వోల్టుల లైనులో వోల్టేజి మొత్తం హార్మోనిక్స్ 8 శాతం దాటకూడదని ఐఈఈఈ 519 ప్రమాణం (2014 కూర్పు) చెబుతుంది.

మోటారుకి ఏం నష్టం?

గానుగెద్దుని గుర్తు తెచ్చుకోండి. త్రీ ఫేజ్ మోటారులో ఏడో హార్మోనిక్ క్షేత్రం ముందుకే తిరుగుతుంది. ఐదోది మాత్రం వెనక్కి తిరుగుతుంది. ఒకే గానుగకి ముందుకి లాగే ఎద్దుతో పాటు వెనక్కి లాగే దూడని కట్టినట్టు. మోటారు ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. కానీ ఆ పెనుగులాట అంతా వేడిగా మారుతుంది. మీరు కరెంటు ఖర్చు చేసి రాగిని కాలుస్తున్నారన్నమాట.

మూడో హార్మోనిక్ దారి వేరు. మూడు ఫేజులవి ఒకదాన్నొకటి కొట్టుకోకుండా న్యూట్రల్‌లో కలిసిపోతాయి. న్యూట్రల్ తీగ సన్నగా ఉంటే అది వేడెక్కుతుంది.

కెపాసిటర్‌కి ఇంకా కష్టం. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కెపాసిటర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. అంతే వోల్టేజికి 250 హెర్ట్జ్ దగ్గర ఐదింతలు. మీ స్టార్టర్ పక్కన పెట్టిన కెపాసిటర్ డబ్బా ఉబ్బిపోయి ఉంటే 'నాసిరకం' అని తిట్టే ముందు అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద కొత్తగా ఏ డ్రైవు పెట్టారో అడగండి.

అలాగని కెపాసిటర్ తీసేయకండి. మామూలు లైను మీద 5 హెచ్.పి. మోటారుకి 2 కేవీఏఆర్, 3 హెచ్.పి.కి 1 కేవీఏఆర్ పెట్టుకుంటే లైనులో కరెంటు తగ్గుతుంది, చివరి రైతుకి వోల్టేజి నిలుస్తుంది. ఒకటే జాగ్రత్త: డ్రైవుకి, మోటారుకి మధ్య మాత్రం కెపాసిటర్ ఎప్పుడూ పెట్టకూడదు. డ్రైవు పోతుంది.

సోలార్ పంపు ఉన్నవాళ్లకి

పలకల మీదే నడిచే సోలార్ పంపు మన కరెంటు లైనులోకి హార్మోనిక్స్ వదలదు, దానికి లైనుతో సంబంధమే లేదు కాబట్టి. కానీ ఏసీ మోటారు ఉన్న పంపు అయితే దాని కంట్రోలర్ మోటారుకి నున్నటి అల ఇవ్వదు. సెకనుకి వేల సార్లు తెంపి తెంపి ముక్కలుగా ఇస్తుంది. ఆ ముక్కల అంచులు చాలా నిటారుగా ఉంటాయి. బోరులోకి వందల అడుగుల కేబుల్ దిగినప్పుడు ఆ దెబ్బ కింద మోటారుకి తగిలి వెనక్కి కొడుతుంది, గట్టుకి కొట్టి వెనక్కి వచ్చే అల లాగా. అక్కడ వోల్టేజి క్షణకాలం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. వైండింగ్ మొదటి చుట్ల ఇన్సులేషన్ దీనికే చిల్లులు పడుతుంది.

కాబట్టి లోతు బోరుకి సోలార్ పెట్టించేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. 'ఈ మోటారు డ్రైవు మీద నడవడానికి చేసిందేనా?' 'ఇంత కేబుల్ పొడవుకి బయట ఫిల్టర్ కావాలా?' పాత లైను మోటారుకే సోలార్ కంట్రోలర్ తగిలించి పని కానిచ్చేద్దాం అంటే ఒప్పుకోకండి.

ఇంట్లో మీడియం వేవ్ రేడియో ఉంటే చిన్న పరీక్ష. స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి కంట్రోలర్ దగ్గరికి తీసుకెళ్లండి. గరగర వినపడుతుంది. దూరం జరిగితే తగ్గుతుంది. మిక్సీ, డ్రిల్లింగ్ మిషన్ లాంటి బ్రష్‌లు ఉన్న మోటార్ల దగ్గర కూడా గరగర వస్తుంది, నిప్పురవ్వల వల్ల. మామూలు ఇండక్షన్ మోటారు దగ్గర పెడితే అంత రాదు. తేడా మీ చెవికే తెలుస్తుంది.

4. మోటార్లు కాలేది ఎక్కువగా ఎందుకు?

హార్మోనిక్స్ ఒక్కటే కాదు. మన పల్లెల్లో దానికన్నా ముందు చూడాల్సినవి ఉన్నాయి.

వోల్టేజి తగ్గడం. మోటారు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 415 ఉండాల్సిన చోట 330 వస్తే బలం 63 శాతానికి పడిపోతుంది. నీటి బరువు మాత్రం తగ్గదు. మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. కరెంటు రాగానే అందరి ఆటో స్టార్టర్లూ ఒకేసారి వేస్తే, ప్రతి మోటారూ మొదట్లో ఐదు నుంచి ఏడు రెట్ల కరెంటు లాగుతుంది. లైను కుంగిపోతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా ఇచ్చే ముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పింది ఇందుకే.

ఫేజుల మధ్య తేడా. దీని లెక్క మీరే వేసుకోవచ్చు. మూడు ఫేజుల మధ్య వోల్టేజీలు 415, 400, 385 వచ్చాయనుకోండి. సగటు 400. సగటు నుంచి ఎక్కువ తేడా 15. అంటే 3.75 శాతం. ఈ అంకెని అంకెతోనే గుణించి రెట్టింపు చేస్తే 28. అంటే మోటారు మామూలుగా ఎక్కే వేడి కన్నా దాదాపు 28 శాతం ఎక్కువ వేడెక్కుతుంది. ఇన్సులేషన్ తట్టుకునే వేడి మీద 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని వైండింగ్ లెక్క. ఫేజుల తేడా 1 శాతం లోపు ఉంటే మంచిది. అంతకన్నా ఎక్కువ ఉంటే లైన్‌మన్‌కి చెప్పి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫేజులు సర్దించండి.

రీవైండింగ్ తీరు. కాలిన చుట్టలు తేలిగ్గా ఊడాలని స్టేటర్‌ని మంటలో వేసి కాల్చే షాపులు ఉన్నాయి. స్టేటర్ ఒకే ముద్ద ఇనుము కాదు, సన్నటి రేకుల దొంతర. రేకు రేకుకీ మధ్య వార్నిష్ పూత ఉంటుంది. మంటలో అది పోతే రేకుల మధ్య కరెంటు సుడులు తిరుగుతుంది. కొత్త రాగి వేసినా మోటారు పాత మోటారు కన్నా వేడిగా నడుస్తుంది. పాత చుట్ట ఎన్ని గాళ్లు దాటి వేశారో అలాగే వేయాలి. కంపెనీ వాళ్లు ఐదో, ఏడో హార్మోనిక్స్ తగ్గేలా చూసుకుని ఆ దూరం పెట్టి ఉంటారు. వైండింగ్ షాపులో 'మంట పెట్టకండి, పాత లెక్క మార్చకండి' అని ముందే చెప్పండి.

5. అసలు భయపడాల్సింది: దారి తప్పిన కరెంటు

ఇప్పుడు నేల సంగతి. వానపాములకి మోటారు క్షేత్రం పట్టదు కానీ మట్టిలో పారే కరెంటు బాగా తెలుస్తుంది. శాస్త్రవేత్తలు వానపాములని లెక్కపెట్టడానికి మట్టిలో ఎనిమిది కడ్డీలు గుచ్చి కరెంటు పంపుతారు. జర్మనీలో 1980లలో రూపొందిన పద్ధతి ఇది. తవ్వకుండానే వానపాములు పైకి వచ్చేస్తాయి. కాబట్టి వాన లేకుండా, మోటారు వేసినప్పుడల్లా షెడ్డు చుట్టూ వానపాములు పైకి వస్తుంటే దాన్ని శుభశకునం అనుకోకండి. దగ్గరికి పోకండి. మెయిన్ ఆపించి లీకేజీ చూపించండి.

మన షెడ్లలో చాలా చోట్ల మూడు ఫేజులే వస్తాయి, న్యూట్రల్ ఉండదు. రాత్రి బల్బు కోసం ఒక ఫేజు తీసుకుని రెండో తీగని భూమిలో కడ్డీకి కట్టేస్తాం. 60 వాట్ల బల్బు పావు ఆంపియరు లాగుతుంది. ఎండిన నేలలో ఆ కడ్డీ నిరోధం 100 ఓమ్‌లు ఉంటే కడ్డీ మీద 25 వోల్టులు నిలబడుతుంది. ఎవరైనా ఆ కడ్డీ పీకినా, తీగ ఊడినా, బల్బు గుండా వచ్చిన పూర్తి వోల్టేజి ఆ తీగ కొసన ఉంటుంది. 'అది ఎర్త్ తీగే కదా' అని పట్టుకున్నవాళ్ల ప్రాణం పోతుంది. ఈ అలవాటు మానేయాలి.

ఇంకో పెద్ద అపోహ, 'ఫ్యూజు కొట్టలేదు కాబట్టి లీకేజీ లేదు' అని. లెక్క చూడండి. వైండింగ్ తీగ మోటారు బాడీకి తగిలింది. ఎర్త్ నిరోధం 100 ఓమ్‌లు. 240 వోల్టులని 100తో భాగిస్తే 2.4 ఆంపియర్లు. మీ ఫ్యూజు 15 ఆంపియర్లది. అది ఎందుకు కొడుతుంది? కొట్టదు. మోటారు నడుస్తూనే ఉంటుంది. బాడీ మీద మాత్రం దాదాపు పూర్తి 240 వోల్టులు ఉంటుంది. తడి కాళ్లతో, తడి చేత్తో ముట్టుకుంటే అంతే. మనిషి ప్రాణానికి 30 మిల్లీఆంపియర్లు దాటినా ప్రమాదమే. అంటే ఆ ఫ్యూజు మోయగల దానిలో 500వ వంతు.

పశువుల పాకలో

ఆవు లేకపోతే మన వ్యవసాయమే లేదు. అందుకే ఈ భాగం జాగ్రత్తగా చదవండి.

ఆవు మూతి నుంచి కాళ్ల దాకా శరీర నిరోధం సుమారు 500 ఓమ్‌లే. పొడి చేతుల మనిషిది అంతకన్నా చాలా ఎక్కువ. పైగా ఆవు తడి నేల మీద చెప్పుల్లేకుండా నాలుగు కాళ్ల మీద నిలబడి, తడి మూతి తొట్టికి ఆనిస్తుంది. తొట్టికి, నేలకి మధ్య 1 వోల్టు తేడా ఉంటే ఆవులోంచి 2 మిల్లీఆంపియర్లు పోతుంది. ఆవుకి తెలిసేది ఇంచుమించు అక్కడి నుంచే. 1991లో అమెరికా వ్యవసాయ శాఖ పశువుల మీద ఇలాంటి కరెంటు ప్రభావం గురించి ఒక పుస్తకమే వేసింది. మీరు చెయ్యి పెట్టి 'ఏం లేదే' అంటారు. ఆవుకి మాత్రం మూతి పెట్టినప్పుడల్లా చురుక్కుమంటుంది.

ఈ గుర్తులు చూడండి. నీళ్లు ఒక్కసారిగా తాగకుండా నాలుకతో నాకుతూ వెనక్కి తగ్గడం. తొట్టి దగ్గర కాళ్లు మార్చి మార్చి ఎత్తడం. పాలు పిండేటప్పుడు ఊరికే తన్నడం, పాలు చేపకపోవడం. పాకలోకి రావడానికి మొరాయించి, బయట మామూలుగా ఉండడం. వీటికి జబ్బు కూడా కారణం కావచ్చు, పశువుల డాక్టరుకి చూపించండి. కానీ గడ్డి కోసే మోటారు వేసినప్పుడే ఇవి కనపడితే, ఎలక్ట్రీషియన్‌ని కూడా పిలవాలి.

పరీక్ష ఇలా చేయించండి. మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొస తొట్టి ఇనుముకి, రెండో కొస తడి నేల మీద పెట్టిన రేకు ముక్కకి ఆనించాలి. రెండు కొసల మధ్య సుమారు 500 ఓమ్‌ల రెసిస్టర్ కట్టాలి. అది ఆవు స్థానంలో ఉంటుంది. రెసిస్టర్ లేకుండా చూస్తే మీటరు ఉత్తుత్తి వోల్టేజి చూపించి మోసం చేస్తుంది. మోటారు ఆపి ఒకసారి, వేసి ఒకసారి చూడాలి. 1 వోల్టు దాటితే కారణం వెతకాలి. మోటారు ఆపినా వోల్టేజి ఉంటే అది బయటి న్యూట్రల్ నుంచి వస్తుంది, లైన్‌మన్‌కి చెప్పాలి.

ఆవుకి ముందు కాళ్లకి, వెనక కాళ్లకి మధ్య మనిషి అడుగు కన్నా ఎక్కువ దూరం ఉంటుంది. నేలలో కరెంటు పారుతుంటే ఆ దూరం మేరకు ఎక్కువ వోల్టేజి పడుతుంది. పైగా కరెంటు గుండె మీదుగా పోతుంది. తెగిన తీగ దగ్గర మనుషుల కన్నా ముందు పశువులు పడిపోయేది అందుకే.

6. చేయాల్సిన పనులు, వరసగా

1. మోటారు బాడీకి, స్టార్టర్ డబ్బాకి విడిగా ఎర్త్ తీగ ఉందో లేదో చూడండి. ఎర్త్ గుంత సుమారు 2.5 మీటర్ల జీఐ పైపుతో, బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలం నీళ్లు పోసేలా ఉండాలి. ఉప్పు వేసే గుంత పంటకి, వానపాముల బెడ్డుకి దూరంగా పెట్టుకోండి.

2. ఇంటికి, పాకకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. నెలకోసారి దాని మీద ఉండే 'టెస్ట్' బటన్ నొక్కి చూడండి. డ్రైవు ఉన్న చోట ఏ రకం ఆర్‌సీసీబీ పెట్టాలో డ్రైవు కంపెనీ పుస్తకంలో చూసి పెట్టించాలి. మామూలు రకం అక్కడ గుడ్డిదైపోవచ్చు.

3. కడ్డీకి కట్టిన బల్బు తీసేయండి. చిన్న సోలార్ బల్బు పెట్టుకోండి.

4. పాకలో తొట్టి, పైపు, గొలుసు కట్టే రాట ఇనుము అన్నీ ఒకే ఎర్త్‌కి కలిపించండి. అన్నీ ఒకే మట్టంలో ఉంటే ఆవుకి తేడా తగలదు. పాక కొత్తగా కడుతుంటే కాంక్రీటు కింద ఇనుప మెష్ వేసి దాన్నీ కలిపించండి.

5. టాంగ్ టెస్టర్‌తో మూడు ఫేజుల ఆంపియర్లు చూపించి గోడ మీద తారీఖుతో రాసుకోండి. ప్లేటు మీద ఉన్న అంకె కన్నా ఎక్కువ ఉన్నా, మూడింటి మధ్య తేడా పెరుగుతున్నా ముందే జాగ్రత్త పడొచ్చు. వరి పొట్ట మీద ఉన్నప్పుడు మోటారు కాలితే ఆ నష్టం రీవైండింగ్ ఖర్చుతో పోదు.

6. మంచం, జీవామృతం డ్రమ్ము, పిల్లలు ఆడుకునే చోటు మోటారుకి, స్టార్టర్‌కి రెండు మీటర్ల అవతల ఉండాలి.

క్షేత్రం కోసం స్టిక్కర్లు, పిరమిడ్లు, 'రేడియేషన్ తీసేసే' బిళ్లలు అమ్మేవాళ్లు వస్తారు. ఆ డబ్బులతో ఒక ఆర్‌సీసీబీ, ఒక ఎర్త్ గుంత వస్తాయి.

ఈ వారం ఒక్క పని చేయండి. మెయిన్ ఆపి మీ స్టార్టర్ డబ్బా నుంచి ఎర్త్ తీగ వెంట కళ్లతో నడుచుకుంటూ పోండి, అది భూమిలో ఎక్కడ దిగుతుందో చూడండి. మధ్యలో తెగి ఉన్నా, తుప్పు పట్టి ఉన్నా, అసలు లేకపోయినా, మళ్లీ మోటారు వేసే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.